సొంతంగా సెకండ్ హ్యాండ్ కారు అమ్ముకునేటప్పుడు మోసపోకుండా ఉండటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల... ఎక్కడివాళ్లు అడిగినా అనుమానాలు దాదాపు ఇవే. పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీకి ఇస్తే రేటు బాగా తగ్గిస్తారని కారు సొంతంగా అమ్ముకుందామనుకుంటారు. తీరా ఫోన్లు మొదలయ్యాక ఎవరిని నమ్మాలో తెలియదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

మోసగాళ్ల ఎత్తులు మారుతుంటాయి గానీ మనం చూసుకోవాల్సింది మారదు. డబ్బు కట్టే మనిషి, బండి తీసుకెళ్లే మనిషి, ఆర్సీలో పేరెక్కే మనిషి ఒక్కరే అయి ఉండాలి. ఈ మూడింటిలో ఎక్కడ వేరే మనిషి వచ్చినా అక్కడే ఆగండి.

## ప్రకటన పెట్టే ముందు

ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెడుతున్నా. నంబర్ ప్లేటు కనిపించొచ్చా? ఆర్సీ కూడా పెట్టమంటున్నారు.

ఆర్సీ ఫోటో అస్సలు పెట్టొద్దు. దాని మీద మీ పేరు, అడ్రసు, చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ అన్నీ ఉంటాయి. ఆ ఒక్క ఫోటోతో మీ బండిని ఇంకో చోట తన బండిగా అమ్మకానికి పెట్టి వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సులు గుంజుతారు. రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ అడ్రసుకే. నంబర్ ప్లేటు మీద కూడా ఏదైనా అడ్డం పెట్టి ఫోటో తీయండి. మోడల్, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ జిల్లా రిజిస్ట్రేషన్ (టీఎస్ 05, టీజీ 06 ఇట్లా) అని రాస్తే చాలు. నిజంగా కొనేవాడు వచ్చి ఆర్సీ కళ్లారా చూసుకుంటాడు.

బండి మీద ఇంకా ఫైనాన్స్ ఉంది. "మిగతా కిస్తీలు నేను కట్టుకుంటా, నీకు చేతికి లక్ష ఇస్తా" అంటున్నాడు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. మన దగ్గర మంచి మంచి కుటుంబాలు చిక్కుల్లో పడింది ఇట్లాంటి బేరాల్లోనే. లోన్ మీ పేరు మీద ఉంటుంది, బండి అతని చేతిలో ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు కిస్తీ కట్టినా, ఆపేసిన రోజున ఫైనాన్స్ వాళ్లు మీ గుమ్మం ముందుకే వస్తారు. సిబిల్ స్కోరు పడిపోయేది మీదే. ఆ లోపు బండి ఎక్కడో తాకట్టులోకి వెళ్లిపోయి ఉంటుంది. పైగా, బ్యాంకుకు చెప్పకుండా హైపోథికేషన్ (లోన్ తీరేదాకా ఆర్సీ మీద రాసి ఉండే బ్యాంకు హక్కు) ఉన్న బండిని చేతులు మార్చడం లోన్ అగ్రిమెంటుకే విరుద్ధం.

పద్ధతిగా చేయాలంటే, బ్యాంకు నుంచి ఇవాళ్టికి లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో రాసి ఉన్న లెటర్ తీసుకోండి. కొనేవాణ్ని అదే మొత్తం నేరుగా మీ లోన్ ఖాతాలోకి కట్టమనండి. మిగిలింది మీ ఖాతాలో వేయమనండి. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్), లోన్ తీరిందని చూపే ఫారం 35 ఇచ్చాక ఆర్సీ మీద హైపోథికేషన్ తీయించి, అప్పుడు పేరు మార్చాలి. కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. కావాలన్నవాడు ఆగుతాడు.

అమ్మే ముందు ఏమేం సర్దుకోవాలి?

ఆర్సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీసింగ్ బిల్లులు, రెండు తాళాలు. పెండింగ్ చలాన్లు ఉంటే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూసుకుని ముందే కట్టేయండి. లేదంటే చివర్లో "చలాన్లు ఉన్నాయి" అని చెప్పి రేటు కోస్తారు.

రేటు ఎంత చెప్పాలో తెలియట్లేదు.

అదే మోడల్, అదే సంవత్సరం బండ్లు మన జిల్లాలో ఎంతకు పెడుతున్నారో చూడండి. ఇద్దరు ముగ్గురు కన్సల్టెన్సీ వాళ్లను కూడా అడగండి. ఇది బేరం కోసమే కాదు. బండి చూడకుండానే మీరు చెప్పిన రేటుకు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నవాడి మీద అనుమానం రావాలన్నా మీకు సరైన రేటు తెలిసుండాలి.

## ఫోన్లు మొదలయ్యాక

ఆర్మీలో చేస్తానని ఒకాయన హిందీలో మాట్లాడాడు. ఐడీ కార్డు కూడా పంపాడు. నమ్మొచ్చా?

ఇది చాలా పాత ఎత్తు, ఇప్పటికీ నడుస్తోంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్లో ఉన్నానంటాడు, ట్రాన్స్‌ఫర్ అయిందంటాడు, యూనిఫాంలో ఫోటో, క్యాంటీన్ కార్డు పంపుతాడు. ఆ ఫోటో నిజమైన సైనికుడిదే కావచ్చు, కానీ మాట్లాడుతున్నది ఆయన కాదు. బండి చూడనక్కర్లేదంటాడు. "మా ఆర్మీ అకౌంట్ నుంచి పేమెంట్ వేరే పద్ధతిలో వస్తుంది, క్యూఆర్ కోడ్ పంపుతున్నా, స్కాన్ చెయ్యి" అంటాడు. సైన్యానికి అట్లాంటి ప్రత్యేక చెల్లింపు పద్ధతి ఏదీ లేదు. "వచ్చి బండి చూసుకోండి సార్, తర్వాత మాట్లాడదాం" అనండి. మోసగాడైతే మళ్లీ ఫోన్ చేయడు.

"మా బామ్మర్ది వచ్చి బండి చూస్తాడు, అతనితో రేటు మాత్రం మాట్లాడొద్దు" అంటున్నాడు. ఎందుకు?

దయచేసి ఈ జవాబు మొత్తం చదవండి. ఇక్కడ మోసపోయేవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరూ మంచివాళ్లే.

మిర్యాలగూడలో మీరు మీ స్విఫ్ట్‌ను 4 లక్షల 20 వేలకు పెట్టారనుకోండి. ఒకడు ఫోన్ చేసి రేటుకు ఒప్పుకుంటాడు. అదే సమయంలో మీ ఫోటోలు తీసుకుని తన పేరుతో అదే బండిని 3 లక్షలకు ఇంకో ప్రకటన పెడతాడు. ఆ రేటు చూసి దేవరకొండ నుంచో, సాగర్ నుంచో నిజమైన కొనుగోలుదారుడు ఫోన్ చేస్తాడు. అతనికి "బండి మా అన్న దగ్గర ఉంది, వెళ్లి చూసుకో. మా ఇంట్లో పంచాయితీ ఉంది, అన్నతో రేటు మాట్లాడకు" అని చెప్తాడు. మీకేమో "మా బామ్మర్ది వస్తున్నాడు, నేను అతనికి డబ్బులు బాకీ ఉన్నా, రేటు ఎత్తకు" అని చెప్తాడు.

ఆయన వస్తాడు, బండి చూస్తాడు, నచ్చుతుంది. మీరిద్దరూ మర్యాదగా చాయ్ తాగుతారు, రేటు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఆయన మీ కళ్లముందే ఫోన్‌లో 3 లక్షలు కొడతాడు, అది వెళ్లేది మోసగాడి ఖాతాకు. "డబ్బు కట్టేశాను, తాళాలివ్వండి" అంటాడాయన. "నాకు రూపాయి రాలేదు" అంటారు మీరు. మూడోవాడి ఫోన్ స్విచ్చాఫ్. చివరికి ఏ తప్పూ చేయని ఇద్దరు ఒకరినొకరు దొంగ అనుకుంటూ స్టేషన్లో కూర్చుంటారు.

తప్పించుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. బండి చూడటానికి ఎవరు వచ్చినా ముందుగా "మీకు ఈ బండి ఎంతకు చెప్పారు? డబ్బు ఎవరి ఖాతాకు వేస్తున్నారు?" అని అడగండి. రేటు మాట్లాడొద్దని ఎవరైనా అంటే, కచ్చితంగా మాట్లాడాల్సింది రేటు గురించే.

వాట్సాప్‌లో "ఆర్టీవో చలాన్" అని ఒక ఫైల్ వచ్చింది. తెరవాలా?

తెరవొద్దు. చివర ఏపీకే అని ఉన్న ఫైల్ ఏదైనా అది ఒక యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడి చేతికి వెళ్తాయి. కొనేవాడినంటూ "బండి వివరాలు ఈ యాప్‌లో నింపండి" అన్నా అంతే. చలాన్లు అధికారిక సైట్‌లో మీరే చూసుకోండి.

## బండి చూపించేటప్పుడు

ఇంటి దగ్గర చూపించాలా, బయట చూపించాలా?

పగటి పూట, నలుగురు తిరిగే చోట చూపించండి. సీసీ కెమెరాలున్న పెట్రోల్ బంకు, బ్యాంకు ముందు, నల్గొండలో క్లాక్ టవర్ లాంటి సెంటర్ అయితే ఇంకా మంచిది. పక్కన తమ్ముడో, స్నేహితుడో ఉండాలి. రాత్రి తొమ్మిదికి "ఇప్పుడే హైవే మీదున్నా, నార్కట్‌పల్లి దగ్గరికి తీసుకురా" అంటే వెళ్లొద్దు.

టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా పంపొచ్చా?

పంపొద్దు. ముందు అతని ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్సు చూసి ఫోటో తీసుకోండి. లైసెన్సు లేకపోతే స్టీరింగ్ మీరే పట్టి తిప్పి చూపించండి. అతను నడిపితే మీరు పక్క సీట్లో కూర్చోండి. దారి మీరే ముందు చెప్పండి. మనుషులు మారేటప్పుడు, అంటే మీరు దిగి అతను స్టీరింగ్ వైపు వచ్చేటప్పుడు, తాళం బండికి వదిలేయకండి. ఇంజిన్ ఆపి, తాళం చేతిలో పట్టుకుని దిగి, మీరు పక్క సీట్లో కూర్చున్నాకే ఇవ్వండి. రెండో తాళం, ఒరిజినల్ ఆర్సీ ఇంట్లోనే ఉండాలి, డ్యాష్ బోర్డు పెట్టెలో కాదు.

తెచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి "ఇంజిన్ పోయింది, కూలెంట్‌లో ఆయిల్ కలుస్తోంది" అన్నాడు. నిన్నటిదాకా బాగానే ఉంది!

ఒకడు మిమ్మల్ని డిక్కీ దగ్గర మాటల్లో పెట్టి, ఇంకొకడు బానెట్ కింద చెయ్యి పెట్టే పద్ధతి ఉంది. కూలెంట్ డబ్బాలో కొద్దిగా ఆయిల్ పోయడం, ఏదో ఒక వైరు ఊడదీయడం చేస్తారు. బండి వణుకుతుంది, మీరు భయపడతారు, 50 వేలు తగ్గించి ఇచ్చేస్తారు.

ముందుజాగ్రత్తగా వాళ్లు వచ్చే ముందే కూలెంట్ డబ్బా, ఆయిల్ డిప్‌స్టిక్, ఇంజిన్ నడుస్తున్న శబ్దం వీడియో తీసి పెట్టుకోండి. బానెట్ ఎత్తినంత సేపు అక్కడి నుంచి కదలకండి. ఏదైనా లోపం చూపిస్తే అప్పటికప్పుడు రేటు మార్చకుండా "మా మెకానిక్‌కు చూపించి రేపు చెప్తా" అనండి.

"ఇంట్లో ఆడవాళ్లకు చూపిస్తా, రెండు రోజులు ఇవ్వండి" అంటున్నాడు. తెలిసినవాళ్ల తాలూకే.

వాళ్లనే ఇక్కడికి తీసుకురమ్మనండి, లేదా మీరే బండేసుకుని వాళ్లింటికి వెళ్లండి. అమ్ముడుపోయే దాకా నెల అద్దెకు ఇవ్వమని అడిగినా కూడా ఒప్పుకోవద్దు. అట్లా తీసుకెళ్లిన బండ్లను తాకట్టు పెట్టి డబ్బు తీసుకునే ముఠాలున్నాయి.

## బేరం, బయానా, డబ్బు

బయానా ఎంత తీసుకోవాలి? కాగితం రాయాలా?

ఐదు వేలైనా పది వేలైనా ఫర్వాలేదు గానీ కాగితం ఉండాలి. మొత్తం రేటు, ఇప్పుడు ఇచ్చింది ఎంత, మిగతాది ఏ తేదీలోపు, ఆ లోపు రాకపోతే బయానా ఏమవుతుంది, ఇంతే రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బయానాకు బండి ఇవ్వొద్దు, ఒరిజినల్ ఆర్సీ అసలే ఇవ్వొద్దు.

"క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు పడుతుంది" అంటున్నాడు.

యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదా మీ బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు తీసుకోవడానికి పిన్, స్కాన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. మొదట ఒక రూపాయి పంపి నమ్మిస్తారు, ఆ రూపాయికి పడిపోవద్దు.

"పొరపాటున 50 వేలు ఎక్కువ పంపాను, తిరిగి పంపండి అన్నా" అని బతిమాలుతున్నాడు. మెసేజ్ కూడా వచ్చింది.

ఆ మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పది అంకెల మామూలు మొబైల్ నంబర్ నుంచి వచ్చిందంటే అది బ్యాంకు పంపింది కాదు, అతను టైప్ చేసి పంపిందే. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. యాప్ లేకపోతే బ్రాంచికి వెళ్లండి. నిజంగానే డబ్బు ఎక్కువ పడితే మీరు సొంతంగా తిరిగి పంపకుండా బ్యాంకులో రాసిచ్చి వాళ్ల ద్వారానే వెనక్కి పంపండి. "మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఇప్పుడే పంపు" అని తొందరపెట్టినా సరే, బ్యాంకుకు వెళ్లాకే.

పేమెంట్ సక్సెస్ అని స్క్రీన్‌షాట్ చూపించాడు. ఇంకా రాలేదు. బండి ఇవ్వనా?

ఇవ్వొద్దు. సక్సెస్ అని చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపే ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ ఇప్పుడు రోజంతా, సెలవు రోజుల్లో కూడా పనిచేస్తాయి కాబట్టి "రేపు సోమవారం పడుతుంది" అనే మాట చెల్లదు. రెండు లక్షలు, ఆపైన అయితే ఆర్‌టీజీఎస్ చేయమనండి, ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ తీసుకోండి. మీ ఖాతాలో కనిపించాకే తాళం.

మొత్తం నగదు ఇస్తానంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. ఒకే లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకన్నా ఎక్కువ నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. ఆ నిబంధన 2017 ఏప్రిల్ నుంచి ఉంది. తీసుకున్నవాడికి, అంటే మీకే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. విడతలుగా తీసుకున్నా ఒకే బండి అమ్మకం కాబట్టి తప్పించుకోలేరు. నగదు తక్కువే అయినా బ్యాంకు కౌంటర్ దగ్గర తీసుకోండి. నోట్ల లెక్క, దొంగ నోట్ల భయం రెండూ అక్కడే తేలిపోతాయి.

చెక్కు, డీడీ తీసుకోవచ్చా?

చెక్కు అయితే క్లియర్ అయ్యేదాకా బండి కదలొద్దు. డీడీలకు కూడా దొంగవి ఉంటాయి. అతనితో పాటు బ్యాంకుకు వెళ్లి మీ ముందే తీయిస్తేనే తీసుకోండి. ఆదివారం సాయంత్రం డీడీ పట్టుకొచ్చి "రాత్రికే వెళ్లాలి" అనేవాణ్ని వెనక్కి పంపండి.

డబ్బు నలుగురు ఫ్రెండ్స్ ఖాతాల నుంచి కొడతానంటున్నాడు. డబ్బు డబ్బే కదా?

కాదు. ఎవరినో సైబర్ మోసం చేసి లాగిన డబ్బును ఇట్లా కార్లలోకి, బంగారంలోకి మార్చుకునేవాళ్లున్నారు. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తారు, మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. బండి పోయి, డబ్బు ఖాతాలో ఉండి కూడా తీసుకోలేక, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులకు లెటర్లు రాసుకుంటూ తిరగాల్సి వస్తుంది. ఆర్సీ ఎవరి పేరు మీదికి వెళ్తుందో వాళ్ల ఖాతా నుంచే డబ్బు రావాలి. తండ్రి కొడుక్కు కొంటున్నాడంటే ఆ మాట అమ్మకం కాగితంలో రాయించి, తండ్రి ఆధార్ కూడా జత చేయండి.

## కాగితాలు, పేరు మార్పు

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టివ్వమంటున్నారు. అందరూ అట్లాగే చేస్తారట.

అందరూ చేస్తారు, నిజమే. అందుకే అమ్మిన ఏళ్ల తర్వాత కూడా చలాన్లు, కోర్టు సమన్లు పాత ఓనర్‌కే వస్తున్నాయి. ఆర్సీలో పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, ఫారం 30లో కొనేవాడి పేరు, అడ్రసు, తేదీ నింపాకే సంతకం పెట్టండి. ఖాళీగా ఇస్తే మీ బండి మీ పేరు మీదే నలుగురి చేతులు మారుతుంది. మూడో చేతిలో ఉన్నప్పుడు గుట్కానో గంజాయో దొరికితే ముందు పిలిచేది మిమ్మల్నే. ప్రతి పేజీకి ఫోటో తీసి పెట్టుకోండి.

వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయించాం. సరిపోతుందా?

సాక్ష్యంగా పనికొస్తుంది గానీ సరిపోదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అనీ, యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేననీ 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో బండి వరుసగా పలువురి చేతులు మారింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రంలోపలే అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకు (రవాణా శాఖ ఆఫీసుకు) తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. వీలైతే స్లాట్ బుక్ చేసి, ఆర్టీఏ ఆఫీసుకు ఇద్దరూ కలిసే వెళ్లండి. ఆ పూట పని మానుకున్నా నష్టం లేదు.

స్టాంపు పేపర్ మీద బండి నంబర్, చాసిస్ నంబర్, మీటర్ రీడింగ్, బండి అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయండి. మధ్యాహ్నం 3.20కి మీరు తాళం ఇస్తే, 4 గంటలకు పంతంగి టోల్ దాటాక జరిగింది ఎవరి ఖాతాలోదో ఆ సమయమే చెబుతుంది. కొనేవాడు బండి పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి తీసుకోండి.

కన్సల్టెన్సీకే ఇచ్చేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా?

అతను ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత బండ్లు కొని అమ్మే డీలర్లకు రవాణా శాఖ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలని కేంద్రం తెచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అట్లాంటి డీలర్‌కు బండి ఇచ్చినట్టు ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, ఆ తర్వాత బండి బాధ్యత డీలర్‌దే. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. అది లేకుండా "మా దగ్గర పెట్టిపో, పార్టీ దొరికాక డబ్బులిస్తా" అంటే మాత్రం బండి వదలొద్దు.

రాయచూరు పార్టీ వచ్చింది. కర్నూలు నుంచి కూడా అడుగుతున్నారు. తేడా ఏమిటి?

గద్వాల, మక్తల్ వైపు ఇది మామూలే. వేరే రాష్ట్రానికి వెళ్తే మీ ఆర్టీఏ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే బండి సరిహద్దు దాటాలి. దాటిపోయాక వెంటపడి పేరు మార్పించడం చాలా కష్టం.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాలా?

అవసరమైన చోట ఇవ్వండి. దాని మీద అడ్డంగా "ఫలానా నంబర్ బండి అమ్మకానికి మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టండి. వాట్సాప్‌లో అడిగినవాడికి మాత్రం బేరం కుదరకముందు పంపొద్దు. పంపక తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

ఇన్సూరెన్స్ క్యాన్సిల్ చేసుకోవాలా?

ఆర్సీ మీ పేరు మీద ఉన్నంత కాలం చేయొద్దు. ఇన్సూరెన్స్ లేని బండికి యాక్సిడెంట్ అయితే భారం మీ మీద పడుతుంది. పాలసీని తన పేరుకు మార్చుకోవడానికి కొన్నవాళ్లు 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, అది మీది. కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. గరిష్ఠంగా 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి వదులుకోవద్దు.

## బండి వెళ్లిపోయాక

ఫాస్టాగ్ తీసేయాలా?

అద్దం మీది స్టిక్కర్ పీకేసి, ఇచ్చిన బ్యాంకుకు చెప్పి ఖాతా మూసేయించండి. లేదంటే రాయికల్, శాఖాపూర్, పుల్లూరు టోల్‌గేట్ల దగ్గర వాళ్లు తిరిగినప్పుడల్లా కట్ అయ్యేది మీ డబ్బే.

ఆరు నెలలైంది, పేరు మార్చుకోలేదు. చలాన్లు నాకే వస్తున్నాయి.

ముందు ఫోన్ చేసి మర్యాదగా గడువు పెట్టండి. వినకపోతే అమ్మకం కాగితం, అప్పగింత రసీదు, డబ్బు పడిన స్టేట్‌మెంట్ జిరాక్సులు జతచేసి ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. కొన్నవాళ్ల అడ్రసుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పోలీస్ స్టేషన్లో కూడా ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఏ కేసు వచ్చినా "నేను ఫలానా తేదీనే చెప్పాను" అనడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు ఏమంటారోనని, పరువు పోతుందని ఒక పూట ఆగితే ఆ పూటలోనే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. తొందరగా చెబితే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపగలుగుతారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. మీ బ్యాంకుకు అదే గంటలో చెప్పండి. చాటింగ్, కాల్ వివరాలు, స్క్రీన్‌షాట్లు, యూటీఆర్ నంబర్ ఏవీ డిలీట్ చేయొద్దు.

బండే ఎత్తుకుపోతే 100 లేదా 112కు ఫోన్ చేసి నంబర్, రంగు, ఏ రోడ్డు పట్టిందో చెప్పండి. తర్వాత దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టం చెబుతోంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి, ఆర్టీఏకు చెరొకటి ఇవ్వండి.